కొబ్బరితోట దావాకు రావలసిన ఆఖరి రీలు

అన్యాయం ఎవరికి జరిగింది, ఏ విధంగా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పి, ఆ తరువాత కథ ఎత్తుకోవడం మర్యాద. అన్యాయం జరిగింది రేవుపాలెం ఆసుపత్రిలో ప్రసూతి నర్సుగా పనిచేసి రిటైరైన మాణిక్యాంబకు. జరిగిన విధం ఇది: ఆవిడకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చిన సినిమా ఆవిడకు నచ్చడానికి వీలు లేదని ప్రభుత్వంవారు తేల్చారు. ఆ సినిమా బాగాలేదని వారు అనలేదు. బాగోగులు చూసేటంత తీరిక వారికి లేదు. ఆ సినిమా అసలు లేదన్నారు.

వారు అంతవరకు ఎందుకు వెళ్ళారో చెప్పాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. కొంతకాలంగా రాష్ట్రంలో ఒక కొత్త ఉత్సాహం బయలుదేరింది. ఏడాది ముగిసేసరికి ప్రతివారూ తమకు నచ్చిన సినిమాల వరుస ప్రకటించడం, అది నచ్చనివారు మరొక వరుస ప్రకటించడం, ఇద్దరినీ ఖండిస్తూ మూడోవారు బయలుదేరడం. వరుసలు కుదరక సంబంధాలు తప్పిపోయాయి. ఒక ఊళ్ళో పాలవాడు తన అభిప్రాయంతో ఏకీభవించని ఇళ్ళకు నీళ్ళపాలు పోస్తున్నాడని ఫిర్యాదు వచ్చింది. ఏకీభవించిన ఇళ్ళకూ అవే పోస్తున్నాడని విచారణలో తేలింది గాని, అప్పటికే ప్రభుత్వంవారు మేల్కొన్నారు. మేల్కొన్న ప్రభుత్వాన్ని తిరిగి పడుకోబెట్టడం ఎవరి తరం?

ఆ విధంగా ‘వ్యక్తిగత అభిమాన చిత్రాల నమోదు మండలి’ పుట్టింది. పౌరులెవరైనా తమకిష్టమైన ఏదో ఒక్క సంవత్సరాన్ని ఎంచుకుని, ఆ సంవత్సరంలో తమకు నచ్చిన సినిమాలను మండలివద్ద నమోదు చేసుకోవాలి. వాటిలో ఒకటి భక్తిని, ఒకటి దేశభక్తిని పెంపొందించేదిగా, ఒకటి నష్టపోయిన నిర్మాతను ఆదుకునేదిగా ఉండాలి. నమోదైనవారికి ప్రేక్షక కార్డు ఇస్తారు. కార్డు లేనివారికి ఏ సినిమా హాల్లోనూ ప్రవేశం లేదు.

మాణిక్యాంబకు గుండెల్లో రాయి పడింది ఈ చివరి వాక్యం దగ్గరే. శుక్రవారం మ్యాట్నీకి వదిన చూడామణిని వెంటబెట్టుకుని వెళ్ళడం ఆవిడ జీవితంలో సూర్యోదయం వంటి విషయం. అన్నగారు పోయాక వదినగారు పక్కవాటాలోకి వచ్చి చేరినది కూడా, కలిసి నడిచి వెళ్ళడానికి హాలు దగ్గరని.

“ఏ ఏడు రాస్తావే మాణిక్యం?” అని అడిగింది చూడామణి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

“వరద వచ్చిన ఏడు.”

“బాగుంది సంబడం. ఆ ఏడు బియ్యం దొరకలేదు, కిరసనాయిలు దొరకలేదు. నీకు సినిమాలు గుర్తున్నాయా?”

“ఇంట్లో కిరసనాయిలు లేకే కదా వదినా, వెలుగున్న చోటికని హాలుకి పోయేవాళ్ళం.”

మాణిక్యాంబ తన వరుసను ఆలోచించి, తూచి సిద్ధం చేసింది. ‘అద్దాల బీరువాలో అత్తగారు’ నచ్చడానికి కారణం, అందులో కథానాయిక అన్నం కెలకకుండా నిజంగా కలుపుకుని తిన్నది. ‘పడవపందెం పాపన్న’లో దుర్మార్గుడు చంపుతానన్నవాణ్ణి చెప్పిన వేళకే చంపడానికి వస్తాడు, మాట మీద నిలబడేవాడు, డాక్టర్లకన్నా నయం. ‘జెండా కింద జానకి’ చూస్తుండగా కరెంటు పోతే హాలంతా చీకట్లో పాట అందుకున్నది. కరెంటు వచ్చాక తెరమీద పాడినవారు అంత బాగా పాడలేదు. ఇక అన్నిటికీ తలమానికంగా, మొట్టమొదట, ‘కొబ్బరితోట దావా’.

“నష్టపోయిన నిర్మాత?” అన్నది చూడామణి.

“అందరూ నష్టపోయారు వదినా. అందులో లోటేమీ లేదు.”

“భక్తి?”

“దావాలో ఇంద్రసభ ఉందిగా.”

కొద్దిరోజులకు మండలి తరఫున క్షేత్ర పరిశీలకుడు పరాంకుశం వచ్చాడు. అభిమానం నిజమా, నటనా అని ఇంటికి వెళ్ళి తేల్చడం ఇతని ఉద్యోగం. చేతిసంచిలోంచి ఒక గుడ్డముక్క, ఒక కొలతచెంచా తీసి బల్లమీద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, తాము సదరు ప్రథమ చిత్రమును స్మరించినపుడు తమ నేత్రములు ఆర్ద్రములగునా?”

“అవవు నాయనా. కోపం వస్తుంది.”

“కోపమునకు మావద్ద కొలత లేదు. అశ్రువులు సమర్పింపవలెను.”

అప్పటికే పక్కన చూడామణి వెక్కివెక్కి ఏడుస్తున్నది. ఆవిడకు ఆ సినిమా పేరు చాలు.

“ఇదిగో, ఈవిడవి పట్టుకో,” అన్నది మాణిక్యాంబ.

“పరుల కన్నీరు బదలాయించుటకు నిబంధనలు అనుమతింపవు. పోనిండు, కథాక్రమము వాకొనుడు. నేను వ్రాసికొందును.”

మాణిక్యాంబ చెప్పింది. చిన్నకోడలు సుందరమ్మ భర్త పోతాడు. బావగార్లు ముగ్గురూ ఆమె వాటా కొబ్బరితోటను మింగేస్తారు. సుందరమ్మ కోర్టుకు ఎక్కుతుంది. వాయిదాలు, దొంగసాక్షులు, గుడ్డిదీపం వెలుగులో కన్నీళ్ళు. చివరకు తీర్పురోజు వస్తుంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నోరు తెరుస్తారు.

“తరువాత?”

“తరవాతేముంది, మబ్బులు. ఇంద్రసభ. ఒక మునీశ్వరుడు లేచి, పరుల సొత్తు మింగినవాడా, ఉడుమువై పుట్టు అని పెద్దబావగారిని శపిస్తాడు. కిరీటంతో సహా ఉడుమైపోతాడు. పైనుంచి పూలు. శుభం.”

పరాంకుశం కలం ఆగిపోయింది. “న్యాయస్థానము నుండి ఇంద్రసభకు ఎట్లు పోయినారు?”

“అప్పీలు.”

రేవుపాలెం యావత్తూ ఆ సినిమాను ఆ విధంగానే అర్థం చేసుకున్నది. మధ్యనున్న కోర్టులన్నీ తప్పించి కేసును నేరుగా పైకి తీసుకుపోయిన దర్శకుడు మహా గడుసువాడని మెచ్చుకున్నది. పెద్దబావగారి ముఖానికీ, ఇంద్రసభలో నిలబడ్డవాడి ముఖానికీ పోలిక లేకపోవడం గమనించినవారు లేకపోలేదు. అంతపైకి వెళ్ళినవాడికి ముఖం మారకుండా ఉంటుందా అని సమాధానపడ్డారు. ఆనాటి నుంచి ఆ ఊళ్ళో గట్టు జరిపినవాణ్ణి ఉడుము అంటారు. ఆ మాటకు జడిసి గట్లు వెనక్కు జరిపినవారు కూడా ఉన్నారు.

“తాము నడుమ నిద్రించి, స్వప్నమును చిత్రముగా భ్రమించి యుందురు,” అన్నాడు పరాంకుశం.

“జీవితమంతా రాత్రి డ్యూటీలు చేసినదాన్ని. మేలుకుని ఉండడం నా వృత్తి. కాఫీ తాగి వెళ్ళు.”

అతడు కాఫీ తాగి వెళ్ళాడు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది. ‘సదరు చిత్రాంతమున కథానాయిక తన బావలను క్షమించి, వారికి స్వహస్తములతో పాయసము వడ్డించినట్లు అధికారిక కథాసంగ్రహమున గలదు. ఉడుము ఎచ్చటను కానరాదు. కావున తాము ఉనికిలో లేని చిత్రమును అభిమానించుచున్నట్లు భావించి, తమ ప్రేక్షకత్వమును ఏల రద్దు చేయరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలసినది.’

“పాయసమా?” అన్నది చూడామణి.

మాణిక్యాంబ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ మాటను మళ్ళీ చదివింది. పాయసమనే ఉంది.

విచారణనాడు ఊరు ఊరంతా లారీలు కట్టుకుని జిల్లా కచేరీకి కదిలింది. ప్రాంతీయ అభిరుచి అధికారి హయగ్రీవరావు ఎత్తైన కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఏ సినిమానూ అభిమానించరు. నిష్పాక్షికత కోసం ఉద్యోగంలో చేరినప్పుడే మానేశారు.

సాక్షులు వరుసగా వచ్చారు. కూరగాయల చంద్రమ్మ ఉడుమును చూశానన్నది. రిటైర్డు తాసీల్దారు వెంకటప్పయ్య చూశానన్నాడు. ఉడుము తోక గచ్చకాయరంగు అని ఒకరు, కాదు మట్టిరంగు అని ఒకరు అక్కడే జుట్లు పట్టుకోబోయారు. అది నలుపు తెలుపు సినిమా అని మాణిక్యాంబ గుర్తుచేశాక గాని ఇద్దరూ చల్లబడలేదు.

హయగ్రీవరావు సావధానంగా విన్నారు. “ఒక వ్యక్తి లేని చిత్రమును చూచినచో అది భ్రాంతి. ఊరంతయు చూచినచో అది అనుమతి లేని చిత్రనిర్మాణము. కావున యావత్తు రేవుపాలెము యొక్క ప్రేక్షకత్వము రద్దగును. తత్పూర్వము, ఆ చిత్రమును ప్రదర్శించినవాడు ఎవడు?”

చంద్రకళా టాకీసు యజమాని కొల్లి నరసయ్య లేచి నిలబడ్డాడు. ముసలివాడైపోయాడు. టాకీసు కూడా ఏనాడో కల్యాణమండపం అయిపోయింది.

“ఉన్నది ఒకే రీళ్ళపెట్టె బాబూ, రెండు ఊళ్ళకి,” అన్నాడు. “అవతలి ఒడ్డున హాల్లో ఆడిన రీలు ఆడినట్టు పడవలో మాకు వచ్చేది. ఆ ఏడు వరదండి. చీకటి పడేసరికి పడవ కట్టేసేవారు. ఆఖరి రీలు రోజూ అవతలే ఉండిపోయేది.”

“అట్లయిన తీర్పు వద్దనే ముగింపవలసినది.”

“అయ్యా, మా ఊరు మీకు తెలీదు. తెరమీద శుభం పడకపోతే జనం లెగరండి. కరెంటు పోయినా లెగరు. పక్కన పాక అంటుకుంటే, ముందు శుభం ఎయ్యరా, తర్వాత ఆర్పుకుందాం అన్నారు. ఏం చెయ్యను? ఆపరేటరు గదిలో ఏదో పౌరాణికం తాలూకు ఆఖరి రీలు పడుంది. అందులో శుభం ఉంది. తగిలించాను.”

తను పురుడు పోసిన బిడ్డను ఎవరో తొట్టెలో మార్చేశారని ఇంతకాలానికి వింటే ఎలా ఉంటుందో, మాణిక్యాంబకు అలా ఉంది. కాని బిడ్డ మారినంత మాత్రాన పెంచుకున్న ప్రేమ మారదని కూడా ఆవిడ తన ఉద్యోగంలోనే నేర్చుకున్నది. నెమ్మదిగా లేచింది.

“అయితే నరసయ్యా, నువ్వు మా ఊరికి ఒక రీలు బాకీ.”

“బాకీయేనమ్మా.”

“ఇన్నాళ్ళూ చెప్పవేం?”

“మీరు అడగలేదు కదమ్మా. పైపెచ్చు మెచ్చుకున్నారు. ఇంద్రసభ బాగా తీశారని నాకు శాలువా కప్పారు.”

ఆవిడ అధికారివైపు తిరిగింది. “విన్నారు కదండీ. సినిమా మొత్తానికి టిక్కెట్టు కొన్నాం. తీర్పు ముందర మమ్మల్ని వదిలేశారు. మేము చూడవలసింది మాకు చూపించకుండా, చూసింది తప్పు అంటే ఎలాగండీ? నేరం ఉంటే ఉండనివ్వండి. ముందు మా బాకీ ఇప్పించండి.”

హయగ్రీవరావు మొహం వికసించింది. ఆవిడ మాటలకు కాదు. ఆ మాటలకు వర్తించే నిబంధన ఒకటి ఇంతవరకూ ఎవరిమీదా వాడకుండా మిగిలిపోయి ఉన్నది.

“ఇది అసంపూర్ణ వీక్షణము,” అని ప్రకటించారు. “అసంపూర్ణ వీక్షణము గలవారి అభిమానమును అంగీకరించుటకును, తిరస్కరించుటకును వీలు లేదు. తొలుత వీక్షణమును పూర్తి చేయింపవలెను. అదే శాలయందు, అదే తరగతియందు, ఆనాడు ఎవరెవరు ఎట్లెట్లు ఆసీనులైరో అట్లే ఆసీనులు కావలెను. వీక్షణము పూర్తియైనట్లు ప్రేక్షకులు లేచుటయే గుర్తు. పౌరాణికపు రీలు జప్తు చేయడమైనది.”

తేదీ వేసి సంతకం చేశారు. ఆ తేదీన కల్యాణమండపంలో పెళ్ళి ఉన్నదని నరసయ్య మనవి చేసుకున్నాడు. సంతకం చేసిన తేదీని మార్చడంకన్నా పెళ్ళిని సినిమాకు అనుగుణంగా నడపడం సులభమని మండలివారు భావించారు.

పెళ్ళినాటి ఉదయం, ముహూర్తానికి ముందుగా, మండపం రెండుగా చీలింది. పీటలమీద వధూవరులు. వారికి ఎదురుగా, కట్టిన కొత్త తెరవైపు ముఖాలు పెట్టి ఊరు. పరాంకుశం అందరినీ నాటి స్థానాల్లో సర్దుతున్నాడు. తాసీల్దారు వెంకటప్పయ్య ఆనాడు చదువుకునే కుర్రవాడు, నేల టిక్కెట్టు. కాబట్టి ఇస్త్రీ పంచెతో నేలమీద చతికిలపడ్డాడు. ఆయన దగ్గర బంట్రోతుగా చేసిన సింహాచలం ఆనాడు బావమరిది డబ్బుతో కుర్చీకి వెళ్ళాడు. ఇప్పుడూ కుర్చీలోనే, ఎంత మొహమాటపడినా, కూర్చోక తప్పలేదు.

చిక్కంతా చూడామణి దగ్గర వచ్చింది. ఆవిడ ఆనాడు ఒళ్ళో పసివాడితో చూసింది. ఆ పసివాడు సత్యమూర్తి ఇప్పుడు బ్యాంకు మేనేజరు, భారీ మనిషి.

“ఒడియందు ఆసీనుడు కావలెను,” అన్నాడు పరాంకుశం.

“ఏవయ్యా, నీకు తల్లి లేదా?” అన్నది చూడామణి. “వీడు కూర్చుంటే నేను బతికి శుభం చూస్తానా?”

“అమ్మా, నేను సెలవు పెట్టి వచ్చాను, తొందరగా తేల్చండి,” అన్నాడు సత్యమూర్తి.

చాలాసేపు తర్జనభర్జన జరిగాక, తల మాత్రం ఒడిలో పెట్టుకుంటే చాలునని సడలింపు ఇచ్చారు. మేనేజరుగారు నేలమీద బాసింపట్టు వేసుకుని తల్లి ఒళ్ళో తల పెట్టారు. చూడామణి అలవాటుగా ఆయన నెత్తిమీద జోకొట్టసాగింది.

సీలు వేసిన పెట్టెలోంచి మండలివారు తెచ్చిన అసలు ఆఖరి రీలును నరసయ్య పాత యంత్రానికి ఎక్కించాడు. దీపాలు ఆర్పారు. తెరమీద జడ్జిగారు నోరు తెరిచి, ఇన్నాళ్ళకు మాట్లాడారు. దావా కొట్టేశారు. సుందరమ్మ కన్నీళ్ళు తుడుచుకుని, అంతా నా నుదుటి రాత అని ఇంటికి వెళ్ళి, బావగార్లు ముగ్గురికీ పీటలు వేసి, పాయసం వడ్డించింది. పెద్దబావగారు మారు అడిగి వేయించుకుని మీసం తుడుచుకున్నారు. అంతటితో రీలు తెగి, తెర తెల్లబడింది.

ఎవరూ లేవలేదు.

హయగ్రీవరావు కొంతసేపు చూశారు. “వీక్షణము పూర్తియైనది. లేవవచ్చును.”

“శుభం పడలేదండి,” అన్నది చంద్రమ్మ, నేలమీదనుంచి.

“పాయసముతో చిత్రము ముగిసినది.”

“పాయసం వాళ్ళు తిన్నారు. మాకేం ముగిసింది?” అన్నాడు తాసీల్దారు. నేలమీద కూర్చునేసరికి ఆయనకు పాత గొంతు వచ్చేసింది.

పరాంకుశం వారిని లేవదీయడానికి ప్రయత్నించాడు. ఒకరిని లేపితే మరొకరు కూర్చుంటున్నారు. ఇంతలో పీటల దగ్గరనుంచి పురోహితుడు నరసింహావధాన్లు కేక వేశాడు.

“ఏవండీ అధికారిగారూ, ముహూర్తం దగ్గరికి వచ్చేసింది. శుభం పడని చోట మాంగల్యధారణ చేయించమంటారా? నా వల్ల కాదు.”

పెళ్ళికూతురి తండ్రి వచ్చి హయగ్రీవరావు చేతులు పట్టుకున్నాడు. “బాబ్బాబు, ఏదో ఒక శుభం వేయించండి. వియ్యాలవారు లేచిపోయేలా ఉన్నారు.”

“వారైనను లేచుచున్నారా?” అన్నారు హయగ్రీవరావు ఆశగా.

మాణిక్యాంబ కదలలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, తెల్లటి తెరను చూస్తూనే అన్నది: “శుభం ఉన్న రీలు మీ జీపులోనే ఉందండీ. జప్తు చేశారుగా.”

ప్రేక్షకులు లేవనిదే వీక్షణం పూర్తి కాదు. అది ఆయన ఉత్తర్వే. వీక్షణం పూర్తి కానిదే ఆయన కచేరీకి వెళ్ళడానికి వీలు లేదు. హయగ్రీవరావు జేబులోంచి కలం తీసి, పెళ్ళి శుభలేఖ వెనుకవైపు ఉత్తర్వు వ్రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. జీపులోంచి రీలు వచ్చింది. నరసయ్య దాన్ని పాయసం వెనుక తగిలించాడు.

మబ్బులు విడిపోయాయి. ఇంద్రసభ కొలువుతీరి ఉన్నది. మునీశ్వరుడు లేచి చెయ్యెత్తాడు. పీటలమీద పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం పట్టుకుని నోరు తెరుచుకు చూస్తున్నాడు. ‘ఉడుమువై పుట్టు’ అన్న మాట రాగానే మండపం దద్దరిల్లింది. పాయసం తిన్న నోటితోనే పెద్దబావగారు, ఏ ముఖంతోనైతేనేం, ఉడుమైపోయారు. సత్యమూర్తి తల్లి ఒళ్ళోనుంచి తలెత్తి ఈల వేశాడు. ఒక మూల పరాంకుశం తన కళ్ళకింద తానే చెంచా పట్టుకుని నిలబడ్డాడు. పూలు కురిశాయి. శుభం పడింది. ఊరంతా ఒక్క పెట్టున లేచి నిలబడింది. మంగళవాద్యాలు మోగాయి, తలవంచిన పెళ్ళికూతురి మెడలో తాళి పడింది.

భోజనాల వేళకు హయగ్రీవరావు మండలి నిర్ణయం చదివి వినిపించారు. “సదరు చిత్రము మండలివారి ఉత్తర్వు మేరకు, మండలివారి సమక్షమున, ఇంద్రసభతో సహా ప్రదర్శింపబడినందున, ఉనికిలో నున్నట్లే భావింపవలెను. రేవుపాలెము వాస్తవ్యుల అభిమానము నమోదు చేయడమైనది. అమ్మా, కారణము ఒక్కటి మాత్రము సెలవిండు.”

మాణిక్యాంబ ఆలోచించింది. ఇన్నాళ్ళూ ఆ సినిమాలో ఏదో ఒకటి తక్కువ ఉన్నదని ఆవిడకు లోపల ఉండేది. అది ఇదేనని ఇప్పుడు తెలిసింది.

“సుందరమ్మ క్షమించింది. ఇంద్రుడు క్షమించలేదు,” అన్నది. “ఎవరు చేయవలసింది వారు చేశారు. అదే రాసుకోండి.”

ఆయన రాసుకున్నారు. కార్డు ఆవిడ చేతికి వచ్చింది. చూడామణి దాన్ని లాక్కుని అటూ ఇటూ తిప్పి, “శుక్రవారం పనికొస్తుందా ఇది?” అని పరాంకుశాన్ని నిలదీసింది.

నరసయ్య చేతులు తుడుచుకుంటూ, యంత్రం దగ్గరనుంచి మెల్లగా వచ్చి ఎదుట నిలబడ్డాడు.

“అమ్మా, మన బాకీ సంగతి?”

మాణిక్యాంబ అతన్ని తేరిపార చూసింది. ఆవిడ అంత సులభంగా సంతకాలు పెట్టే మనిషి కాదు. పాయసం రీలు వచ్చింది. శుభమూ పడింది. వెతికి చూసినా మిగులు కనబడలేదు.

“చెల్లిపోయింది నరసయ్యా,” అన్నది. “పూర్తిగా.”